ఎర్రనీరూ తెల్లమంచూ

ఆగస్టు వచ్చిందంటే అమ్మ దగ్గర్నుంచి ఒక ఫోన్ తప్పకుండా వచ్చేది. ఎత్తగానే బాగున్నావా అని కూడా అడగకుండా "ఎర్రనీరొచ్చిందే" అనేది. గోదారికి వరదొచ్చిందని ఆ మాటకర్థం. మిగతా కబుర్లన్నీ ఆ తర్వాతే. రేవులో ఎన్ని మెట్లు మునిగాయి, లంకల్లో వాళ్ళు పశువుల్ని గట్టు మీదికి తోలుకొచ్చేశారా, రేవు దాటించే పంటు నడుస్తోందా ఆపేశారా, అన్నీ వరసగా చెప్పేది. నేను న్యూజెర్సీలో మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి వినేదాన్ని. బయట కత్తిరించిన పచ్చగడ్డి కనిపిస్తున్నా నా కళ్ళలో ఆ ఎర్రటి నీళ్ళే ఉండేవి.

మాది కోనసీమ. కోటిపల్లి రేవులో పంటెక్కి గౌతమి పాయ దాటితే ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి మా ఊరు దగ్గరే. నాన్నగారు బడిపంతులు. రెండెకరాల కొబ్బరితోట, మండువా ఇల్లు, పెరట్లో గిలకబావి. వరద రోజుల్లో గోదారి నీళ్ళు బిందెతో తెచ్చి, చిల్లగింజ అరగదీసి కలిపితే తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగిపోయేది. పైన తేటనీళ్ళు మిగిలేవి. అడుగున ఉన్న ఒండ్రు మాకిచ్చేసేది అమ్మ. నేనూ తమ్ముడూ దాంతో అరుగు మీద ఎద్దుల్నీ బండినీ చేసేవాళ్ళం.

1981 జనవరిలో, పెళ్ళైన ఎనిమిది నెలలకు, మా ఆయన దగ్గరికి అమెరికా వెళ్ళాను. ఆయన అప్పటికే న్యూజెర్సీలో ఇంజనీరు. న్యూయార్కులో దిగి కారులో వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా తెల్లగా పరిచి ఉంది. కాకినాడ దగ్గర చూసిన ఉప్పుమళ్ళే గుర్తొచ్చాయి నాకు. అది మంచు అని ఆయన కారాపి, దిగి, గుప్పెడు తీసి నా చేతిలో పెట్టారు. ఆ దేశం నాకు మొదట తగిలింది అలా, అరచేతిలో చల్లగా.

తర్వాత ముప్పై నాలుగేళ్ళు గడిచిపోయాయి. ఇద్దరు పిల్లలు, ఊరి లైబ్రరీలో నా ఉద్యోగం, ఇంటి అప్పు, అన్నీ అందరికీ ఉన్నవే. ఆ రోజుల్లో వెంకటేశ్వరస్వామిని చూడాలంటే ఆరు గంటలు కారు నడుపుకుంటూ పిట్స్‌బర్గ్ వెళ్ళేవాళ్ళం. బ్రిడ్జ్‌వాటర్ గుడి 1998లో మా న్యూజెర్సీలోనే వచ్చాక ఆ దూరం తగ్గింది. ఊరికి మూడేళ్ళకోసారి, అదీ పిల్లలు వానలకీ ఉక్కపోతకీ తట్టుకోలేరని డిసెంబరు సెలవుల్లోనే వెళ్ళేవాళ్ళం. అందుకే నేను వరద గోదారిని చూడలేదు. ఏటా అమ్మ చెప్పగా వినడమే.

అంతకుముందు ఫోన్లు కూడా లేవు. నీలంరంగు ఏరోగ్రాములు, మడతల లోపల కూడా ఖాళీ వదలకుండా రాసుకున్నవి, చేరడానికి రెండు వారాలు పట్టేవి. 1987లో నాన్నగారు పోయినప్పుడు మా చిన్నాన్న అమలాపురం వెళ్ళి ట్రంకాల్ బుక్ చేసి చెప్పారు. లైను సరిగ్గా లేదు. "నాన్న" అన్న మాట వినపడింది, తర్వాతిది వినపడలేదు. వినపడకపోయినా తెలిసింది. టికెట్టు దొరికి నేను ఇంటికి చేరేసరికి పదో రోజు.

1996 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆ ఏడాది జనవరి ఏడో తేదీన మా దగ్గర మొదలైన మంచు మర్నాటికి రెండడుగులు దాటింది. ముందు తలుపు తెరుచుకోలేదు. కారు ఎక్కడుందో అంచనా వేసి తవ్వారు మా ఆయన. పిల్లలకి పండగే. నేను అమ్మకి ఉత్తరం రాస్తూ, "మన వీధి అరుగంత ఎత్తు మంచు పడిందమ్మా" అని రాశాను. ఆవిడ జవాబులో, అంత చల్లదనంలో పసుపు కుంకాలు ఎలా పెట్టుకుంటున్నావు, కాళ్ళకి మేజోళ్ళు వేసుకో అని రాసింది.

అదే ఏడాది నవంబరు ఆరో తేదీ రాత్రి కోనసీమ మీద తుఫాను పడింది. హైదరాబాదులో ఉన్న బంధువులు ఫోన్ చేసి చెప్పారు. మా ఊరికి లైన్లు లేవు. చనిపోయినవాళ్ళ లెక్క వార్తల్లో రోజూ పెరుగుతోంది, వందలు దాటి వెయ్యి దాటింది. ఐదు రోజులు అమ్మ ఉందో లేదో తెలియదు. లైబ్రరీకి వెళ్ళి పుస్తకాలు సర్దుతున్నాను, ఏ అరలో ఏది పెడుతున్నానో తెలియడం లేదు. రాజమండ్రిలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు, రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు దాటుకుంటూ, కొంత సైకిలు మీద, కొంత నడిచి ఊరికి వెళ్ళి, మళ్ళీ రాజమండ్రి వచ్చి ఫోన్ చేశాడు. "అమ్మ ఉందక్కా" అన్నాడు. ఆ మాట తప్ప ఇంకేమీ గుర్తులేదు నాకు.

ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. తోటలో నూట ఇరవై చెట్లకి ముప్పై కూడా మిగల్లేదు. ఆ మిగిలినవాటికీ మొవ్వులు విరిగాయి. అరవై రెండేళ్ళ అమ్మ ఆ వేసవిలోనే గోతులు తీయించి కొత్త మొక్కలు పెట్టించింది. కొబ్బరిమొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. ఇప్పుడు నేను దింపు తీయిస్తున్నది ఆ చెట్లకే.

2015 సెప్టెంబరులో మా ఆయన రిటైరయ్యారు. నేనూ మానేశాను. ఆ జులైలో వచ్చిన పుష్కరాలకి వెళ్ళలేకపోయాం, ఉద్యోగాల ముడి అప్పటికింకా విప్పుకోలేదు. అమ్మకి ఎనభై ఒకటి. మాతో అమెరికా వచ్చి ఉండమంటే ఉండదు, రాజమండ్రిలో తమ్ముడి దగ్గరా ఉండదు. పక్కింటి పిన్ని తోడుగా, ఆ ఇంట్లోనే. అటు చూస్తే మా అమ్మాయికి మొదటి పాప, ఏడాది నిండిందప్పుడే. తల్లి ఒకవైపు, మనవరాలు ఒకవైపు. ఆలోచించి ఆలోచించి, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఊళ్ళో, మే నుంచి అక్టోబరు దాకా న్యూజెర్సీలో అని నిర్ణయించుకున్నాం.

చెప్పినంత తేలిక కాదది. ఇండియాలో ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్కేసే ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు నిండితే పన్నుల లెక్క మారిపోతుంది. మా ఆయన క్యాలెండరు మీద పెన్సిలుతో రోజులు కొట్టేస్తూ ఉంటారు. అమెరికాలో పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇండియాలో పనికిరాదు, కాబట్టి ఆయన పరీక్షలన్నీ అక్కడుండే ఆరు నెలల్లోనే చేయించుకోవాలి. మందులు ఆరు నెలలకి సరిపడా ఇప్పించుకోవడానికి ప్రతిసారీ టెన్షనే. ఇండియా ఫోన్ సిమ్ తొంభై రోజులు వాడకపోతే కట్టేస్తారు. సిమ్ పోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే బ్యాంకులో మన డబ్బు మనకి అందదు. పిన్ని మనవడు ఆ సిమ్ తన పాత ఫోన్‌లో వేసి, మేము లేనప్పుడు నెలకోసారి ఎవరికో ఒకరికి ఫోన్ చేసి బతికించి ఉంచుతాడు.

1992లో మేం అమెరికా పౌరులమయ్యాం. నా ఇండియా పాస్‌పోర్టు మీద రద్దు అని ముద్ర వేసి తిరిగిచ్చారు. దాన్ని ఇప్పటికీ పట్టుచీరల మధ్య దాచుకున్నాను. అప్పట్నుంచి మా ఊరు వెళ్ళడానికి నాకు వీసా కావాల్సి వచ్చింది. తర్వాత వేరే దేశం పౌరులైపోయిన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు వచ్చింది, ఆ బాధ తప్పింది. కానీ ఓటు లేదు. 2019 ఏప్రిల్ 11న ఊరు ఊరంతా బడి దగ్గర వరసలో నిలబడితే నేను అరుగు మీద కూర్చున్నాను. నాన్నగారు పాఠాలు చెప్పిన బడి అది, నేను అక్షరాలు దిద్దిన బడి. పిన్ని వచ్చి వేలి మీద సిరా చూపించి, పక్కన కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడకి అర్థమైంది. నా ఓటు అక్కడుంది, నవంబరులో వేసి విమానం ఎక్కుతాను. అది నాకు విలువైనదే. ఆ దేశం నాకు అన్నం పెట్టింది, నా పిల్లలు పుట్టిన నేల అది. అయినా ఆ ఉదయం ఆ వరసలో నేను లేకపోవడం నన్ను కోసింది.

అమ్మతో మూడు శీతాకాలాలు గడిపాను. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఏదన్నా ఉంటే అదే అనుకుంటాను. కార్తీక మాసంలో రేవులో దీపాలు వదిలాం. సంక్రాంతికి అమ్మ కుర్చీలో కూర్చుని చెప్తుంటే నేను ముగ్గు పెట్టాను, చుక్క తప్పితే ఆవిడకి అంత దూరం నుంచీ తెలిసిపోయేది. కనుమ నాడు జగ్గన్నతోటకి ప్రభలు వెళ్తుంటే వీధిలో కుర్చీ వేసి చూపించాం. మధ్యాహ్నాలు మండువాలో చాప మీద పడుకుని, ఎప్పుడో 1981లో ఆగిపోయిన కబుర్లు అక్కణ్ణుంచే మొదలుపెట్టేవాళ్ళం.

ఆవిడ గదిలో ఒక వెంకట్రామా క్యాలెండరు ఉండేది. ఏప్రిల్‌లో మేం వెళ్ళే తేదీ మీద ఆవిడే కుంకంతో చిన్న బొట్టు పెట్టుకునేది. ఆ బొట్టు గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఉగాది అయ్యాక మాత్రం కాయలు ఎప్పుడు కోయిస్తావు అని తమ్ముణ్ణి రోజూ అడిగేది. మేం బయల్దేరేలోగా ఆవకాయ కలపాలని ఆవిడ తొందర. తోటలో కాయ టెంక కట్టిందో లేదో కత్తితో కోసి చూసేది. మూడో ఏడు కాయ ఆలస్యమైంది. ఆవకాయ లేకుండానే మా పెట్టెలు సర్దుకున్నాం. "వచ్చేసారి జాడీ నిండా పెట్టి ఉంచుతాను" అంది.

2018 ఆగస్టులో ఎర్రనీరొచ్చిందే అన్న ఫోన్ వచ్చింది. వారం తిరక్కుండా ఒక తెల్లవారుజామున పిన్ని ఫోన్. నిద్రలోనే వెళ్ళిపోయింది అమ్మ. నేను న్యూజెర్సీ నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి రాజమండ్రి, రావులపాలెం మీదుగా ఇంటికి చేరేసరికి మూడో రోజు. నాన్నగారప్పుడు పదో రోజు, అమ్మకి మూడో రోజు. వీధి గదిలో అందరూ కూర్చుని ఉన్నారు. నేను నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. జాడీ ఉంది, వాసెన కట్టి ఉంది, నిండా ఉంది.

ఆరు నెలలు ఆవిడ దగ్గరే ఉన్నాను కదా, పోయేవాళ్ళు ఆ ఆరు నెలల్లోనే పోవాలని ఎక్కడుంది? ఇది చాలాకాలం నన్ను తొలిచింది. ఆ తర్వాత ఊరికి వెళ్ళడం మానేద్దామా అని మా ఆయన అడిగారు. మానలేదు. తోట నా వాటాకి వచ్చింది. ఓసీఐ ఉన్నవాళ్ళం కొత్తగా సెంటు వ్యవసాయ భూమి కొనకూడదు గానీ వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. పాస్‌బుక్కులో అమ్మ పేరు ఉన్నచోట నా పేరు చూసిన రోజు, ఇంక నేను చుట్టం చూపుగా వచ్చేదాన్ని కాదనుకున్నాను.

కానీ వీధిలో కనిపించిన ప్రతివాళ్ళూ రెండు మాటలే అడుగుతారు. "ఎప్పుడొచ్చారండి? ఎప్పుడెళ్తారండి?" ప్రేమగానే అడుగుతారు. బ్రిడ్జ్‌వాటర్ గుడిలో స్నేహితులు కూడా అవే రెండు మాటలు అడుగుతారు. ఏ ఊళ్ళోనూ ఇప్పుడు నన్ను చూసి, ఉన్నావు కదా, సాయంత్రం రా అని మామూలుగా అనేవాళ్ళు తక్కువ. పిన్ని ఒక్కతే అంటుంది.

ఇంకొక సంగతి కొన్నేళ్ళకి గానీ గమనించలేదు. నేను రెండు చోట్లా సగం ఏడాదే చూస్తున్నాను, ఎప్పుడూ అదే సగం. ఊళ్ళో నాకు కార్తీకం తెలుసు, ధనుర్మాసం తెలుసు, శివరాత్రి, ఉగాది తెలుసు. వానాకాలం లేదు, వినాయకచవితి లేదు, వరద లేదు. న్యూజెర్సీలో తులిప్ పూలు, మనవరాలి వేసవి సెలవులు, ఆకులు రంగు మారడం, అంతవరకే. ముప్పై నాలుగేళ్ళు చీపురుతో ఊడ్చి, పారతో ఎత్తిపోసిన మంచు మళ్ళీ చూడలేదు. మంచు లేని న్యూజెర్సీ, వరద లేని గోదారి నావి. రెండు చోట్లా నేను లేని సగం ఏడాదిలో పిల్లలు పొడుగవుతున్నారు, చెట్లు పడిపోతున్నాయి, మనుషులు వెళ్ళిపోతున్నారు.

2020లో అది తలకిందులైంది. ఏప్రిల్ 25కి టికెట్లు ఉన్నాయి. మార్చి చివర్లో విమానాలు ఆగిపోయాయి. అక్కడ న్యూజెర్సీలో పరిస్థితి భయంకరంగా ఉందని, మీరు అక్కడే ఉండండి, కదలొద్దని పిల్లలు రోజూ ఫోన్లు. మేలో ఆయన బీపీ మందులు అయిపోయాయి. అమలాపురంలో మందుల షాపు అబ్బాయి డబ్బా మీద పేరు చూసి, వేరే కంపెనీవి, అదే మందు, వెతికి తెప్పించి ఇంటికి పంపించాడు. రెండో రోజు మళ్ళీ ఫోన్ చేసి "పడుతున్నాయాండీ?" అని అడిగాడు కూడా.

ఆ వేసవి ఆవకాయ నేనే కలిపాను, పిన్ని పక్కన కూర్చుని ఆవపిండి పాళ్ళు చెప్తుండగా. ముంజెలు తిన్నాం. తొలకరికి తడిసిన మట్టి వాసన నలభై ఏళ్ళ తర్వాత మా పెరట్లోనే పీల్చాను. శ్రావణంలో అమ్మ ఆబ్దికానికి, మొదటిసారి, నేను అక్కడున్నాను. తమ్ముడు పిండాలు పెడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అంతకుముందు ఏడు ఫోన్ తెర మీద చూసింది ఇదే.

ఆబ్దికమైన రెండు వారాలకి ఎర్రనీరు వచ్చింది. మామూలుగా కాదు, ఆగస్టు మధ్యలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. నేనూ పిన్నీ మాస్కులు కట్టుకుని గట్టెక్కాం. అవతలి ఒడ్డు కనపడలేదు. చిన్నప్పుడు నాన్నగారి వేలు పట్టుకుని చూసిన రంగే, ఇటుకపొడి కలిపినట్టు. మానులకి మానులు కొట్టుకొస్తున్నాయి. రేవులో మెట్లు ఒక్కటి కూడా లేవు. అందంగా ఉందని అనలేను, లంకల్లో ఇళ్ళు మునిగి జనం నాటుపడవల్లో పిల్లల్ని ఎత్తుకుని వస్తున్నారు. ఆ రోజుల్లో గట్టు మీద భోజనాలు వండి పెట్టాం అందరం కలిసి. కానీ ఆ మొదటి సాయంత్రం ఆ నీళ్ళ ముందు నిలబడి, చేతిలో ఫోన్ ఉండి కూడా, ఎవరికి చేసి చెప్పాలో తెలియక ఏడ్చాను. "ఎర్రనీరొచ్చిందమ్మా" అని పైకే అన్నాను. పిన్ని నా వీపు మీద చెయ్యేసి నిలబడింది.

వరద తీశాక పిన్ని పులస తెప్పించింది. మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, బెండకాయలు వేసి, దింపేముందు నేను కలిపిన ఆవకాయలోంచే పైన తేలిన నూనె తీసి పోసి, మర్నాటిదాకా ముట్టుకోనివ్వలేదు.

అక్టోబరులో ఢిల్లీ నుంచి నెవార్క్ వెళ్ళే ప్రత్యేక విమానంలో చోటు దొరికింది. అందుకని ఆ శీతాకాలం అక్కడే గడిచింది. 2021 జనవరి ఆఖరి రోజున మంచు మొదలై రెండు రోజులు ఆగకుండా పడింది. మా మనవరాలికి అప్పుడు ఆరేళ్ళు. అమ్మమ్మ మంచులో ఉండటం అది ఎప్పుడూ చూడలేదు. నేను వేసవి మనిషిననే దాని లెక్క. బూట్లు తొడుక్కుని దాంతో పాటు వెనక పెరట్లోకి వెళ్ళి, మోకాళ్ళదాకా దిగబడి, ఒక గుప్పెడు తీసి దాని చేతిలో పెట్టాను. "నీకు ముందే తెలుసా ఇది?" అని ఆశ్చర్యపోయింది. నువ్వు పుట్టకముందు ముప్పై నాలుగు చలికాలాలు ఈ మంచులో ఉన్నానని చెప్పాను.

2021 నవంబరు నుంచి మళ్ళీ మా పాత పద్ధతిలో పడ్డాం. 2022 జులైలో గోదారికి అంతకన్నా పెద్ద వరదొచ్చింది, మేం న్యూజెర్సీలో ఉన్నాం. ఫోన్ మోగింది. ఎత్తగానే బాగున్నావా అని అడగకుండా "ఎర్రనీరొచ్చిందే" అంది పిన్ని. ఎవరూ చెప్పలేదు ఆవిడకి అలా చెయ్యమని. అప్పట్నుంచి ఏటా చేస్తోంది. రేవులో మెట్ల లెక్క కూడా చెప్తుంది.

మనవరాలు ఇంకో పని మొదలుపెట్టింది. మేం ఊళ్ళో ఉండగా మంచు పడితే ఒక ఉండ చేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఫ్రీజర్లో దాస్తుంది. సంచి మీద అమ్మమ్మది అని తెలుగులో రాస్తుంది, నేను నేర్పిన అక్షరాలు, మకి వత్తు కాస్త పక్కకి పోతుంది. వాళ్ళమ్మ పారెయ్యబోతే ఒప్పుకోదట. మేలో మేం దిగి ఇంటికెళ్ళగానే, పెట్టెలు తెరవకముందే, అది తెచ్చి నా అరచేతిలో పెడుతుంది. నాలుగు నెలలకి గట్టిపడి గులకరాయిలా అయిపోతుంది. ఇద్దరం వెనక మెట్ల మీద ఎండలో కూర్చుని అది కరిగేదాకా చూస్తాం.

2027లో గోదావరి పుష్కరాలు. ఈసారి ఆరు నెలల లెక్క, 182 రోజుల లెక్క అన్నీ పక్కన పెట్టి వెళ్ళాలని నిశ్చయించుకున్నాం, వరద వచ్చేదాకా కూడా ఉంటాం. మనవరాలు తనూ వస్తానంది. మొన్న మేలో ఆ మంచు కరిగిన నీళ్ళు నా వేళ్ళ సందుల్లోంచి కారుతుంటే చూస్తూ, "ఎర్రనీళ్ళు కూడా ఇలా ఫ్రీజర్లో దాచుకోవచ్చా అమ్మమ్మా?" అని అడిగింది.

దానికి చిల్లగింజ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ నవంబరులో వెళ్ళినప్పుడు పిన్నిని అడిగి రెండు గింజలు సంపాదించి ఉంచాలి.